వాన వెలిసిందా.. కుళ్లిన దుంగలపై పుట్టగొడుగులు చూశారా? కోయకండి.. ముందు ఈ 4 ఫొటోలు తీయండి!

'పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తున్నాయి'.. వార్తల్లో తరచూ వినిపించే మాట ఇది. అనుమతుల్లేని కాలేజీల గురించో, లోన్ యాప్‌ల గురించో చెప్పాల్సి వస్తే చాలు.. ఈ పోలిక వచ్చేస్తుంది. కానీ అసలు పుట్టగొడుగులు ఎలా పుట్టుకొస్తాయో దగ్గరగా కూర్చుని చూసినవాళ్లు తక్కువే. వానలు మొదలైతే పెరట్లో కొట్టేసిన కొబ్బరి మోడు మీద, పార్కులో పడిపోయిన గుల్‌మొహర్ కొమ్మ మీద, రోడ్డు పక్కన పడేసిన మామిడి దుంగ మీద.. తెలుపు, పసుపు, నారింజ, నలుపు రంగుల్లో చిన్న చిన్న గొడుగులు కనిపిస్తాయి. చేతిలో ఫోన్ ఉంది కాబట్టి ఒక ఫొటో తీసి స్టేటస్ పెట్టేస్తాం. అక్కడితో ఆగితే ఇబ్బంది లేదు. 'ఇవి తినేవేనా?' అని అదే ఫొటోను వాట్సాప్ గ్రూపులోనో, యాప్‌లోనో అడిగి, వచ్చిన జవాబు నమ్మి పొయ్యి మీద పెడితేనే ప్రమాదం.

ఫొటో పనికిరాదని కాదు. సరిగ్గా తీస్తే చాలా పనికొస్తుంది. కొత్త జాతుల్ని వెలుగులోకి తెచ్చిన పరిశోధనల్లో ఫొటోల పాత్ర ఉంది. అయితే ఫొటో ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు అన్నది తెలిసి ఉండాలి. ఆ వివరాలేంటో చూద్దాం..

రాత్రికి రాత్రే ఎలా మొలుస్తాయి?

ఉరుములు ఉరిమితే పుట్టగొడుగులు మొలుస్తాయని ఊళ్లలో పెద్దవాళ్లు చెబుతుంటారు. ఉరుముల వాన తర్వాత నిజంగానే ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి ఆ మాట ఊరికే పుట్టలేదు. కానీ అసలు పని చేసేది తేమ, ఉష్ణోగ్రత.

మనకు పైకి కనిపించే గొడుగు మొత్తం జీవి కాదు. మామిడి చెట్టుకు కాయ ఎలాగో, శిలీంధ్రానికి పుట్టగొడుగు అలాగ. అసలు జీవి కట్టె లోపల ఉంటుంది. కంటికి సరిగా ఆనని సన్నని దారాలు వలలాగా అల్లుకుని నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి కట్టెను లోపల్నుంచి తింటూ ఉంటాయి. ఈ దారాల వలనే మైసీలియం అంటారు.

వాతావరణం అనుకూలించగానే ఆ దారాలు ఒకచోట ముడిపడి గుండుసూది తలంత మొగ్గలు కడతాయి. గొడుగుకు కావాల్సిన కణాలు చాలావరకు ఆ మొగ్గలోనే సిద్ధమైపోతాయి. వాన పడ్డాక ఆ కణాలు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి. తాజా పుట్టగొడుగులో దాదాపు 90 శాతం నీరే. అంటే రాత్రికి రాత్రి జరిగేది పుట్టుక కాదు.. ఉబ్బడం. ఆ పని వెనుక అంతకుముందు ఎన్నో రోజుల శ్రమ ఉంటుంది.

ఇంతకీ ఈ గొడుగు ఎందుకు? సిద్ధబీజాలను, అంటే స్పోర్స్‌ను గాల్లోకి వదలడానికి. గొడుగు కింద నుంచి రాలే ఈ సన్నని పొడి కోట్ల సంఖ్యలో ఉంటుంది. గాలికి కొట్టుకుపోయి, అందులో ఏ ఒకటి రెండో తడిసిన మరో కట్టె మీద పడితే కథ మళ్లీ మొదలు.

కుళ్లిన కట్టె మీదే ఎందుకు?

తెలుగులో 'పుట్టగొడుగు' అన్న పేరులోనే 'పుట్ట' ఉంది. ఆ పేరు అతికినట్టు సరిపోయేది చెదపుట్టల దగ్గర మొలిచే టెర్మిటోమైసిస్ రకాలకు. చెదపురుగులు పుట్ట లోపల ఈ శిలీంధ్రాన్ని నిజంగానే పంటలాగా సాగు చేసుకుంటాయి. వానాకాలంలో అదే పుట్టను చీల్చుకుని గొడుగులు పైకి వస్తాయి. తినడానికి పనికిరానివాటిని కుక్కగొడుగులని పిలవడం ఎప్పటి నుంచో ఉంది.

కట్టె మీద మొలిచేవాటి సంగతి వేరు. కట్టెను గట్టిగా నిలబెట్టేది లిగ్నిన్ అనే పదార్థం. దాన్ని పూర్తిగా విడగొట్టడం చాలా జీవుల వల్ల కాదు. ఆ పనిలో ఆరితేరినవి కొన్ని రకాల శిలీంధ్రాలే. అవి లేకపోతే అడవిలో రాలిన కొమ్మలు, పడిపోయిన మానులు ఎక్కడివక్కడ గుట్టలుగా పడి ఉండేవి. వాటిలోని పోషకాలు మళ్లీ మట్టికి చేరేవి కావు.

కుళ్లిన కట్టెను చూస్తే లోపల ఏ రకం పని చేస్తోందో కూడా కొంత తెలుస్తుంది. కట్టె తెల్లబారి, పీచుపీచుగా ఊడొస్తుంటే అది తెల్ల కుళ్లు. లిగ్నిన్‌ను కూడా తినేసే రకాలు ఉన్నాయని అర్థం. కట్టె గోధుమ రంగులోకి మారి, పగిలిన ఇటుక ముక్కల్లా చదరాలు చదరాలుగా విరుగుతుంటే గోధుమ కుళ్లు. అక్కడ సెల్యులోజ్ పోయి లిగ్నిన్ చాలావరకు మిగిలిపోతుంది. అందుకే ఫొటో తీసేటప్పుడు గొడుగునే కాదు.. అది మొలిచిన కట్టెను కూడా చూపించాలి.

మన దగ్గర ఎక్కువగా కనిపించేవి ఇవే..

వీటి కోసం దట్టమైన అడవులకే వెళ్లక్కర్లేదు. చాలావరకు ఊళ్లో, కాలనీలో, టింబర్ డిపో వెనకాల కూడా దొరుకుతాయి.

• షైజోఫిల్లమ్ కమ్యూన్: చిన్న విసనకర్ర ఆకారం, బూడిద తెలుపు రంగు, పైన నూగు. కింద వైపు చూస్తే గొడుగు పుల్లల్లాంటి పొరలు నిలువునా రెండుగా చీలి ఉంటాయి. ఎండకు ఆ చీలికలు లోపలికి ముడుచుకుంటాయి, వానకు మళ్లీ విచ్చుకుంటాయి. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉంది. జతకట్టే విషయంలో దీనికి 23 వేలకు పైగా రకాలు ఉన్నాయని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

• ఆరిక్యులేరియా: అచ్చం మనిషి చెవిలాగా, గోధుమ రంగులో జెల్లీలా మెత్తగా ఉంటుంది. ఎండలో అట్టముక్కలా ఎండిపోయి, వాన పడగానే మళ్లీ ఉబ్బుతుంది. చైనా వంటకాల్లో వాడే 'వుడ్ ఇయర్' ఈ కుటుంబానిదే.

• పిక్నోపోరస్: ఎర్రటి నారింజ రంగులో బెరడుకు అరల్లా అతుక్కుని ఉంటుంది. దూరం నుంచే కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కింద గొడుగు పొరలు ఉండవు. సన్నని రంధ్రాలే ఉంటాయి.

• డాక్రియోపినాక్స్: పసుపు రంగులో బుల్లి గరిటెల్లా, గుంపులుగా కట్టె పగుళ్లలోంచి పైకి వస్తుంది. పాత చెక్క బెంచీల మీద, దడి కర్రల మీద కూడా కనిపిస్తుంది.

• కోప్రినెల్లస్ డిస్సెమినేటస్: మోడు చుట్టూ వందల కొద్దీ గంటల్లాంటి బుల్లి గొడుగులు. ఉదయం ఉన్న అందం సాయంత్రానికి ఉండదు. ఒకట్రెండు రోజుల్లో నల్లబడి వాలిపోతాయి.

• జైలేరియా: కుళ్లిన మోడులోంచి నల్లటి వేళ్లు పైకి పొడుచుకొచ్చినట్టు ఉంటాయి. ఇంగ్లిష్‌లో వీటిలో ఒకదాన్ని 'శవం వేళ్లు' అని పిలుస్తారు.

• డాల్డీనియా: బొగ్గు ఉండల్లా నల్లగా, గట్టిగా ఉంటాయి. అడ్డంగా కోస్తే లోపల ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలు కనిపిస్తాయి.

• గానోడెర్మా: చెట్టు మొదట్లో వార్నిష్ పూసినట్టు మెరిసే గోధుమ ఎరుపు అర. చెక్కలాగే గట్టిగా ఉంటుంది. దీని గురించి రైతులు తెలుసుకోవాల్సింది ఉంది. అది కింద చూద్దాం.

ఎప్పుడు వెతకాలి? ఎక్కడ వెతకాలి?

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనాల కాలం. తెలంగాణ, కోస్తా జిల్లాల్లో ఇదే అసలు సీజన్. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు మాత్రం అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య వచ్చే ఈశాన్య రుతుపవనాలు కూడా మంచి వానలిస్తాయి. అక్కడ రెండో సీజన్ ఉన్నట్టే.

ఒక్క జల్లు చాలదు. రెండు మూడు రోజులు ముసురు పట్టి, కట్టె లోపలిదాకా నానాలి. వాన తగ్గిన మరుసటి రోజు నుంచి వారం లోపు వెతికితే ఎక్కువ రకాలు కనిపిస్తాయి. ఉదయం పూట వెళ్లడం మంచిది. ఎండ ఎక్కితే సున్నితమైన రకాలు వాడిపోతాయి, పురుగులు, నత్తలు కొరికేస్తాయి.

వెతకాల్సిన చోట్లు: నేలకు ఆనుకుని పడి ఉన్న దుంగల పక్క భాగం, నీడలో ఉన్న మోడులు, నాచు పట్టిన బెరడు, రంపం కోత పడిన అంచులు. నిలబడి చూస్తే సగం కనిపించవు. మోకాళ్ల మీద కూర్చుని, కంటిని దుంగ ఎత్తుకు తెస్తేనే అసలు ప్రపంచం కనిపిస్తుంది. వికారాబాద్ దగ్గర అనంతగిరి, మారేడుమిల్లి, అరకు లోయ, నల్లమల లాంటి చోట్ల వానాకాలంలో రకాలు ఎక్కువ. కానీ మొదటిసారి అయితే ఇంటి పెరడు, దగ్గర్లోని పార్కు చాలు. ఒకే మోడును వారం పాటు రోజూ చూస్తే, పది చోట్లు తిరిగినదాని కంటే ఎక్కువ తెలుస్తుంది.

ఈ 4 ఫొటోలు తప్పనిసరి

చాలామంది చేసే పొరపాటు ఒక్కటే.. పైనుంచి ఒక్క ఫొటో తీసి వదిలేయడం. పైనుంచి చూస్తే వందల రకాలు ఒకేలా ఉంటాయి. రకాన్ని గుర్తుపట్టడానికి నిపుణులు ముందుగా అడిగేది కింది భాగం గురించే. అందుకే కనీసం ఈ 4 ఫొటోలు ఉండాలి.

1. దూరం నుంచి ఒకటి: దుంగ మొత్తం, చుట్టూ ఉన్న చోటు కనిపించాలి. ఒంటరిగా మొలిచిందా, గుంపుగా ఉందా, బతికున్న చెట్టా, చచ్చిన మోడా అన్నది ఇందులో తెలుస్తుంది.

2. పైభాగం దగ్గరగా: రంగు, నూగు, పొలుసులు, జిగురు, అంచు చిరిగిందా లేదా అన్నది స్పష్టంగా ఉండాలి.

3. కింది భాగం: పొరలు ఉన్నాయా, రంధ్రాలు ఉన్నాయా, ముళ్లలా ఉన్నాయా, నున్నగా ఉందా? దీనికోసం పుట్టగొడుగును పీకక్కర్లేదు. చిన్న అద్దం ముక్క ఏటవాలుగా కింద పెడితే అందులో కనిపిస్తుంది. ఫోన్‌ను సెల్ఫీ కెమెరా పైకి ఉండేలా కింద పెట్టి టైమర్‌తో కూడా తీయొచ్చు.

4. కాడ, అది కట్టెకు అతుక్కున్న చోటు: కాడ మధ్యలో ఉందా, పక్కకు ఉందా, అసలు లేదా? కాడ మీద ఉంగరం లాంటి పొర ఉందా? కాడ మొదట్లో సంచి లాంటిది ఉందా?

ఏదో ఒక ఫొటోలో కొలత కోసం పక్కన పది రూపాయల బిళ్ల పెట్టండి. దాని వెడల్పు 27 మిల్లీమీటర్లు. కాబట్టి గొడుగు సైజు ఎవరైనా లెక్కగట్టొచ్చు. వేలు పెట్టి ఫొటో తీస్తే ఎవరి వేలు ఎంతో ఎవరికీ తెలియదు కదా!

ఫొటోతో పాటు తేదీ, ఊరు, కట్టె ఏ చెట్టుదో రాసి పెట్టుకోవాలి. వాసన ఎలా ఉందో కూడా రాసుకుంటే మంచిది. ఫొటోలో ఎంత వెతికినా వాసన దొరకదు.

ఫోన్ చాలు.. కెమెరా అక్కర్లేదు

ఖరీదైన మాక్రో లెన్స్ ఉంటే బాగుంటుంది కానీ అది లేనంత మాత్రాన ఆగాల్సిన పనిలేదు. కొన్ని చిన్న మెలకువలు చాలు.

ముందు ఫోన్ లెన్స్ తుడవాలి. ఏసీ గదిలోంచో, కార్లోంచో తేమ గాల్లోకి రాగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. మసకగా వచ్చే ఫొటోల్లో చాలావాటికి కారణం ఇదే. ఫోన్‌ను తలకిందులుగా పట్టుకుంటే పైన ఉండే లెన్స్ నేలకు దగ్గరగా వస్తుంది. అప్పుడు పుట్టగొడుగు ఎత్తు నుంచి చూసినట్టు ఫొటో వస్తుంది.

మరీ దగ్గరికి తీసుకెళ్తే ఫోకస్ కుదరదు. కాస్త వెనక్కి జరిగి, 2ఎక్స్ పెట్టి, స్క్రీన్ మీద గొడుగు అంచును తాకి ఫోకస్ లాక్ చేయాలి. తెల్లటి పుట్టగొడుగు అయితే వెలుతురు ఎక్కువై వివరాలు మాయమవుతాయి. బ్రైట్‌నెస్ స్లైడర్‌ను కొంచెం కిందికి లాగితే సరిపోతుంది. చెట్ల నీడలో వెలుతురు తక్కువ కాబట్టి చేయి వణికితే ఫొటో పోతుంది. ఫోన్‌ను రాయికో, బ్యాగుకో ఆనించి 2 సెకన్ల టైమర్ పెట్టాలి.

ఫ్లాష్ వద్దు. తడి గొడుగు మీద తెల్ల మచ్చలు పడతాయి. దాని బదులు ఒక తెల్ల కాగితాన్ని పక్కన పట్టుకుంటే గొడుగు కిందికి మెత్తని వెలుతురు పడుతుంది. మబ్బు పట్టిన రోజు అయితే రంగులు ఇంకా సహజంగా వస్తాయి. ఫొటో కోసం నాచు పీకడం, పక్కనున్న చిన్న మొగ్గల్ని విరిచేయడం, వేరేచోట కోసి తెచ్చి ఇక్కడ గుచ్చడం చేయొద్దు. ఫొటో అందంగా రావొచ్చు.. కానీ అది అబద్ధం అవుతుంది. చూసి గుర్తుపట్టాలనుకునేవాళ్లను తప్పుదారి పట్టిస్తుంది.

చెట్టు మొదట్లో గానోడెర్మా కనిపిస్తే..

ఫొటో నేరుగా ఉపయోగపడే సందర్భం ఇది. కొబ్బరి తోటల రైతులకు గానోడెర్మా తెగులు కొత్త కాదు. శిలీంధ్రం వేర్లు, మొదలు భాగాన్ని కుళ్లబెడుతుంది. మాను కింది భాగం నుంచి గోధుమ రంగు బంక కారడం, కింది మట్టలు వాడి వేలాడటం దీని లక్షణాలు. మాను మొదట్లో మెరిసే అర బయటికి వచ్చేసరికి లోపల నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

అందుకే తోటలో ఏ చెట్టుకు, ఏ తేదీన, మాను ఏ వైపు ఇది కనిపించిందో ఫొటో తీసి వ్యవసాయ, ఉద్యాన శాఖ అధికారులకు చూపిస్తే పక్క చెట్లనైనా కాపాడుకునే వీలుంటుంది. తెగులు మట్టి ద్వారా, వేర్ల ద్వారా పాకుతుంది కాబట్టి తెగులు సోకిన చెట్టు దగ్గర పారించిన నీళ్లు మిగతా చెట్లకు పోకుండా చూడమని నిపుణులు చెబుతారు.

పట్నాల్లోనూ ఇదే లెక్క. రోడ్డు పక్క బతికున్న చెట్టు మొదట్లో గట్టి అరలు కనిపిస్తున్నాయంటే లోపల చెక్క కుళ్లుతోందని అనుమానించాలి. పైకి పచ్చగా ఉన్నా గాలివానకు అలాంటి చెట్లు కూలే ప్రమాదం ఎక్కువ. అలాంటి చెట్టు కింద బండి పార్క్ చేయకపోవడం, ఫొటోతో సహా మున్సిపల్ సిబ్బందికి చెప్పడం మంచిది.

మేఘాలయలో ఏం జరిగిందంటే..

సరిగ్గా తీసిన ఫొటోకు ఎంత విలువ ఉంటుందో చెప్పడానికి మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. మేఘాలయలో ఎండిన వెదురు మీద రాత్రిళ్లు వెలిగే పుట్టగొడుగులు ఉన్నాయని స్థానికులు శాస్త్రవేత్తలకు చెప్పారు. అలాంటి వెదురు ముక్కల్ని చీకట్లో టార్చిలా పట్టుకుని నడుస్తారట. వానాకాలంలో ఆ బృందం అక్కడికి వెళ్లి చూసింది. చచ్చిన వెదురు మీద చిన్న చిన్న గొడుగులు పచ్చటి వెలుగుతో మెరుస్తున్నాయి. విచిత్రం ఏంటంటే.. వెలిగేది గొడుగు కాదు, దాని కాడ.

అది ప్రపంచానికి కొత్త జాతి అని తేలింది. 2020లో 'రోరిడోమైసిస్ ఫిలోస్టాకిడిస్' అని పేరు పెట్టారు. ఆ పరిశోధన పత్రం రాసినవాళ్ల జాబితాలో ఆస్ట్రేలియాకు చెందిన పుట్టగొడుగుల ఫొటోగ్రాఫర్ స్టీఫెన్ యాక్స్‌ఫర్డ్ పేరు కూడా ఉంది. అయితే ఒక్క విషయం గమనించాలి. కొత్త జాతి అని తేల్చింది ఫొటో ఒక్కటే కాదు. నమూనాలు సేకరించి, మైక్రోస్కోప్ కింద చూసి, డీఎన్ఏ పరీక్ష చేశాకే ఆ మాట అన్నారు.

ప్రపంచంలో ఇప్పటిదాకా పేరు పెట్టిన శిలీంధ్రాలు లక్షన్నర వరకు ఉన్నాయి. మొత్తం 22 లక్షల నుంచి 38 లక్షల దాకా ఉండొచ్చని 2017లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు. అంటే 10 శాతానికి కూడా ఇంకా పేర్లు లేవన్నమాట. ఐనాచురలిస్ట్ లాంటి వేదికల్లో మీ 4 ఫొటోలు, తేదీ, ప్రాంతం పెడితే తెలిసినవాళ్లు చూసి పేరు సూచిస్తారు. ఆ రికార్డు పరిశోధకులకు కూడా పనికొస్తుంది.

అలా అయితే ఫొటో చూసి తినొచ్చా? అస్సలు వద్దు!

సమస్యంతా ఇక్కడే. యాప్ చెప్పే పేరు ఒక సూచన మాత్రమే. ఒకేలా కనిపించే రెండు రకాల్లో ఒకటి తినేది, ఇంకోటి ప్రాణం తీసేది కావొచ్చు. తేడా స్పోర్స్ రంగులోనో, మట్టిలో దాగిన కాడ మొదట్లోనో ఉంటుంది. ఫొటోలో అది పడకపోతే యాప్‌కు తెలిసే దారే లేదు.

2022 ఏప్రిల్‌లో అస్సాంలో విషపు పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది టీ తోటల్లో పనిచేసే కుటుంబాలవాళ్లే. అడవి పుట్టగొడుగులు కొత్తగా తిన్నవాళ్లు కాదు.. ఏళ్లుగా ఏరుకుని వండుకునే అలవాటు ఉన్న ప్రాంతం అది. అనుభవం ఉన్నచోటే ఇలా జరిగితే, ఫోన్ స్క్రీన్ చూసి తినడం ఎంత ప్రమాదమో ఆలోచించాలి.

జనంలో ఉన్న కొన్ని నమ్మకాలు కూడా ముప్పు తెస్తున్నాయి. వాటిలో నిజమెంతంటే..

• 'కట్టె మీద మొలిచేవి విషం కావు': తప్పు. చల్లని దేశాల్లో కుళ్లిన కట్టె మీద పెరిగే గాలెరినా అనే చిన్న గోధుమ రంగు పుట్టగొడుగులో ప్రాణాంతకమైన విషం ఉంటుంది.

• 'పురుగులు తిన్నవి మనమూ తినొచ్చు': తప్పు. నత్తలకు, పురుగులకు ఏమీ కానిది మనిషి కాలేయాన్ని పాడు చేయొచ్చు.

• 'వెండి చెంచా, వెల్లుల్లి నల్లబడకపోతే మంచివే': తప్పు. ఈ విషాలు వెండి రంగును మార్చవు.

• 'బాగా ఉడికిస్తే విషం పోతుంది': తప్పు. అమాటాక్సిన్ అనే విషం వేడికి విరగదు. ఎండబెట్టినా పోదు.

• 'తెల్లగా ఉంటే మంచివి, రంగుంటేనే విషం': తప్పు. ప్రపంచంలో అత్యంత ప్రమాదకరమైనవాటిలో కొన్ని పాలలా తెల్లగా ఉంటాయి.

ముట్టుకుంటేనే విషం ఎక్కుతుందన్న భయం మాత్రం అక్కర్లేదు. ఫొటో తీశాక చేతులు కడుక్కుంటే చాలు. చిన్న పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూసుకోవాలి.

పొరపాటున తింటే.. తగ్గిందని మోసపోవద్దు

కొన్ని రకాలు తిన్న గంట రెండు గంటల్లోనే వాంతులు, విరేచనాలు తెస్తాయి. అసలు ప్రమాదం ఆలస్యంగా లక్షణాలు చూపించేవాటితో. అమాటాక్సిన్ ఉన్నవి తింటే 6 గంటల నుంచి 24 గంటల తర్వాత కడుపునొప్పి, వాంతులు, నీళ్ల విరేచనాలు మొదలవుతాయి. ఆ తర్వాత ఒక రోజు తగ్గినట్టే ఉంటుంది. ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకుంటారు. సరిగ్గా ఆ సమయంలోనే లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. మూడు నాలుగు రోజులకు పరిస్థితి చేయి దాటొచ్చు.

అందుకే అడవి పుట్టగొడుగులు తిన్నాక ఏ మాత్రం తేడా అనిపించినా, తగ్గినట్టు కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. 108కు ఫోన్ చేయాలి. పసరు మందులు, ఉప్పునీళ్లతో వాంతులు చేయించడం లాంటి సొంత వైద్యం వద్దు. ఎన్ని గంటలకు తిన్నారో డాక్టర్‌కు చెప్పాలి. మిగిలిన కూర, కోసిన ముక్కలు, ఏరిన చోటు తీసిన ఫొటోలు ఉంటే వెంట తీసుకెళ్లాలి. అదే కూర తిన్న మిగతావాళ్లకు లక్షణాలు లేకపోయినా చూపించాలి.

పుట్టగొడుగులు తినాలనిపిస్తే మార్కెట్లో దొరికే పాల పుట్టగొడుగులు, ఆయిస్టర్, బటన్ రకాలు ఉన్నాయి. వీటిలో ఆయిస్టర్ కూడా అడవిలో కట్టె మీద పెరిగే రకమే. వరిగడ్డి మీద ఇంట్లోనే పెంచుకోవచ్చు.

వెళ్లే ముందు ఇవి గుర్తుంచుకోండి

వానాకాలం దుంగల కింద పుట్టగొడుగులే కాదు.. తేళ్లు, జెర్రులు, పాములు కూడా ఉంటాయి. దుంగను చేత్తో తిప్పొద్దు. ముందు పొడవాటి కర్రతో చుట్టూ తట్టాలి. బూట్లు, ఫుల్ ప్యాంట్ తప్పనిసరి. కూర్చునే ముందు, చేయి ఆనించే ముందు చూసుకోవాలి. మన్యం అడవుల్లో జలగలు ఉంటాయి. ఉరుములు మొదలైతే చెట్ల కింద ఉండొద్దు. ఒంటరిగా కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లడం మంచిది.

అభయారణ్యాలు, నేషనల్ పార్కులు, టైగర్ రిజర్వుల్లో అటవీశాఖ అనుమతించిన దారులు దాటి వెళ్లకూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం అనుమతి లేకుండా అక్కడి నుంచి ఏదీ కోసి తీసుకురావడానికి వీల్లేదు. ఫొటో తీసుకోవడానికి అయితే కోయాల్సిన పనే లేదు కదా!

మరో మాట. పెరట్లో కొట్టేసిన చెట్టు మోడు ఉంటే, చెద భయం లేనిచోట దాన్ని తగలబెట్టకుండా ఒక మూల వదిలేసి చూడండి. మొదటి వానాకాలం పెద్దగా ఏమీ కనిపించకపోవచ్చు. రెండో ఏడాదికి విసనకర్రలు, చెవులు, బుల్లి గొడుగులు ఒక్కొక్కటే బయటికి వస్తాయి. ప్రతి వాన తర్వాత అదే చోటు నుంచి ఒక ఫొటో తీసి తేదీ రాసి పెట్టుకుంటే.. ఒక చెట్టు మట్టిగా ఎలా మారుతుందో పిల్లలకు ఇంట్లోనే చూపించొచ్చు.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఇందులోని వివరాలను బట్టి ఏ అడవి పుట్టగొడుగునూ తినొద్దు. అనారోగ్యం అనిపిస్తే వెంటనే వైద్యుల్ని సంప్రదించండి.